బలిఘట్టం నుంచి మాహిష్మతి దాకా: కథాస్థలం, దృశ్యస్థలం, యాత్రికుడు

వ్యాససంగ్రహం

అద్భుతరసప్రధానమైన చలనచిత్రాలను తీసిన చోట్లను వెతుక్కుంటూ జనం ప్రయాణం కట్టడం ఇటీవలి అలవాటుగా కనిపిస్తుంది. తెలుగునాట ఈ అలవాటు వెనుక స్థలపురాణ సంప్రదాయం ఉంది. అయితే ఆ రెండింటికీ మధ్య మౌలికమైన తేడా కూడా ఉంది. స్థలపురాణంలో ఒకే కథకు అనేక స్థలాలు ఏర్పడతాయి. సినిమాలో అనేక స్థలాలు కలిసి ఒకే కథాదేశంగా మారతాయి. ఈ తేడా ఊళ్ళ పేర్లమీద, స్థానిక చరిత్రమీద ఎలా పనిచేస్తుందో బలిఘట్టం, ఓర్వకల్లు, బనగానపల్లె, పెరుమాళ్ళపాడు ఉదాహరణలుగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్థలపురాణం, కథాస్థలం, దృశ్యస్థలం, బలిఘట్టం, వామనచరిత్ర, తెలుగు సినిమా, స్థలనామాలు.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ తరగతిలో పోతన వామనచరిత్ర చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని లేచి, "బలి యాగం చేసింది మా అమ్మమ్మగారి ఊళ్ళో కదండీ, పుస్తకంలో నర్మద అని ఉందేమిటి?" అని అడిగింది. ఆ ఊరు అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నాన్ని ఆనుకుని ఉన్న బలిఘట్టం. తరగతి నవ్వింది. నేనూ చిన్నగా నవ్వి, "అది స్థలపురాణమమ్మా" అని పాఠం కొనసాగించాను. ఆ నెలలోనే రామోజీ ఫిల్మ్ సిటీకి విహారయాత్రకు వెళ్ళివచ్చిన అదే తరగతి పిల్లలు "మాహిష్మతి చూసి వచ్చాం" అన్నారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

రెండు సందర్భాల్లోనూ జరిగింది ఒకటే. కళ్ళెదుట ఉన్న నేలను, విన్న కథలోనో చూసిన కథలోనో ఉన్న నేలగా గుర్తించడం. మొదటిది అమాయకత్వంగా, రెండవది సహజంగా తోచడానికి కారణం ఏమిటన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. పరిశీలన సౌలభ్యం కోసం ఇక్కడ రెండు మాటలను విడివిడిగా వాడుతున్నాను. కథలో సంఘటన జరిగినట్టు చెప్పే చోటు కథాస్థలం. ఆ సంఘటనను కెమెరా ముందు నడిపించిన చోటు దృశ్యస్థలం. స్థలపురాణంలో దృశ్యస్థలం అన్న ప్రసక్తి లేదు, ఉన్నది కథాస్థలమే. సినిమాలో ఈ రెండూ ఒకటి కావడం అరుదు. యాత్రికుడు మాత్రం ఆ రెండింటినీ ఒకటిగా భావించే బయలుదేరతాడు.

2. ఒక కథ, అనేక స్థలాలు

'ఘట్టం' అన్న మాటకు సంస్కృతంలో రేవు, స్నానానికి దిగే చోటు అని అర్థం. తెలుగు వాడుకలో కథలోని ఒక భాగానికి కూడా ఘట్టమనే పేరు. బలిఘట్టం అన్న ఊరిపేరులో ఈ రెండర్థాలూ పొసగుతాయి. అది బలి పేరుతో ఉన్న రేవు, బలికథలోని ఒక భాగం కూడా. ఊరికి పేరు పెట్టినవారు మొదటి అర్థంలోనే పెట్టి ఉంటారు. ఈనాడు ఆ పేరు వినే తెలుగువారికి రెండవది కూడా స్ఫురించక మానదు.

ఊరి పక్కన వరాహనది ప్రవహిస్తుంది. తూర్పు కనుమల వైపు నుంచి దిగి బంగాళాఖాతంలో కలిసే ఈ చిన్న నది ఇక్కడ ఉత్తరానికి తిరగడాన్ని స్థానికులు విశేషంగా చెబుతారు. ఉత్తరవాహిని అయిన చోట స్నానం పుణ్యప్రదమన్న నమ్మకం కాశీ నుంచి మన దాకా ఉన్నదే. నదిని ఆనుకుని ఉన్న కొండమీద బ్రహ్మలింగేశ్వరస్వామి ఆలయం ఉంది. శివరాత్రికి ఇక్కడ జనం బాగా చేరతారు. బలిచక్రవర్తి ఈ తీరాన యాగం చేశాడని, ఇక్కడ నేలలో దొరికే విభూతివంటి మట్టి ఆ యాగపు బూడిదేనని స్థానిక విశ్వాసం.

ఈ కథనం అల్లుకున్న తీరు గమనించదగింది. నేలకు ఒక లక్షణం ఉంది, బూడిదను పోలిన మట్టి. దాన్ని వివరించడానికి ఒక యాగం కావాలి. నదికి ఒక పేరుంది, వరాహ. అది విష్ణువు అవతారాల్లో ఒకదాని పేరు. పక్కనే మరో అవతారకథ వచ్చి చేరడానికి ఆ పేరే చోటిచ్చింది. ఇక్కడ నేలను చదువుతూ కథను నిలబెట్టారు. కథను ముందు పెట్టుకుని దానికి తగిన నేలను వెతకలేదు. సినిమావారి లొకేషన్ వేటకు ఇది సరిగ్గా ఎదురుదిక్కు.

మరి పుస్తకంలో నర్మద ఎందుకుంది? సంస్కృత భాగవతం అష్టమస్కంధంలో బలి యజ్ఞవాటిక నర్మదకు ఉత్తరతీరాన భృగుకచ్ఛంలో ఉంది. నేటి గుజరాత్‌లోని భరూచ్‌గా దాన్ని గుర్తిస్తారు. పోతన కూడా వామనుణ్ణి నర్మద దాటించే యాగశాలకు తీసుకువెళ్ళాడు. కేరళలో ఎర్ణాకుళం జిల్లా తృక్కాక్కర వామనాలయం చుట్టూ బలికథ, ఓణం పండుగ అల్లుకుని ఉన్నాయి. అంటే ఒకే యాగం భరూచ్‌లోనూ తృక్కాక్కరలోనూ బలిఘట్టంలోనూ జరిగింది. చారిత్రకుడి దృష్టిలో ఇవి పరస్పర విరుద్ధాలు. భక్తుడి దృష్టిలో కావు. ఏ చోటికి వెళ్ళినా యాగం పూర్తిగా అక్కడే జరిగింది. బలిఘట్టంలో నదికి దిగిన యాత్రికుడు, మూడో అడుగు వేసింది కేరళలో కాబట్టి ఇక్కడ తాను చూసింది మూడింట ఒక వంతే అనుకోడు.

స్థలపురాణాన్ని మరీ ఆదర్శంగా చూపడం కూడా పొరపాటే. బలి పేరు రాకముందు ఈ రేవుకు ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. పురాణం కూడా పాతపేర్లను తుడిచే తన పేరు రాసుకుంటుంది. ఆ పని తరాల తరబడి, అక్కడి మనుషుల నోటిమీదుగా జరుగుతుంది. సినిమా విషయంలో ఒక వేసవి చాలు.

3. ప్రవరుడి ప్రయాణం

విన్న వర్ణనను కళ్ళతో చూడాలన్న తహతహకు తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధమైన రూపం మనుచరిత్రలోని ప్రవరుడు. అతిథిగా వచ్చిన సిద్ధుడు తిరిగిన దేశాల ముచ్చట్లు చెబుతాడు. ప్రవరుడు పాదలేపం పూసుకుని హిమాలయానికి చేరతాడు. చూసిన దానికి మురిసిపోతాడు. లేపం మంచుకు కరిగిపోయి తిరిగి రాలేకపోతాడు. ఆ తరువాతి కథ మనకు తెలిసిందే. ఇక్కడ మనకు కావలసింది ఒక్క విషయం. సిద్ధుడు వర్ణించినదీ ప్రవరుడు చూసినదీ వేరు కాలేదు. హిమాలయం సిద్ధుడి మాటకంటే తక్కువగా లేదు. కథాస్థలం, చూసిన స్థలం ఒకటే అయిన ఈ యాత్రలో నిరాశకు చోటు లేదు. చిక్కు వచ్చింది తిరుగుదారిలోనే. నేటి సినిమా యాత్రికుడికి తిరుగుదారిలో ఏ ఇబ్బందీ లేదు. అతని చిక్కంతా చేరుకున్న క్షణంలోనే.

4. స్టూడియో నుంచి ఆరుబయటికి

పాత జానపద, పౌరాణిక చిత్రాల కాలంలో ఈ సమస్యే లేదు. 1951 నాటి 'పాతాళభైరవి' కథ ఉజ్జయినిలో నడుస్తుంది. కె.వి. రెడ్డి దాన్ని ప్రధానంగా మద్రాసు స్టూడియో సెట్లమీద తీశారు. 1957 నాటి 'మాయాబజార్'లో ద్వారకను, మాయాబజారును కూడా కళాదర్శకులు, వడ్రంగులు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే కలిసి సృష్టించారు. చిత్రీకరణ పూర్తయితే సెట్టు విప్పేసేవారు. చూడటానికి వెళ్ళాలన్నా ఏమీ మిగిలేది కాదు. తోటరాముడి కోసం ఎవరూ ఉజ్జయిని రైలు ఎక్కలేదు. ఆ అద్భుతలోకానికి భూమ్మీద చిరునామా లేదని ప్రేక్షకుడికి తెలుసు. ఆ తెలియడం అతని ఆనందానికి అడ్డు కాలేదు.

ఆరుబయటి చిత్రీకరణ పెరిగి, దానికి కంప్యూటర్ గ్రాఫిక్స్ తోడయ్యాక పరిస్థితి మారింది. 'బాహుబలి' ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. 2013 జులై 6న దీని చిత్రీకరణ కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాతివనంలో మొదలైంది. మాహిష్మతి నగరాన్ని కళాదర్శకుడు సాబు సిరిల్ రామోజీ ఫిల్మ్ సిటీలో నిర్మించారు. శివుడు ఎగబాకే జలపాతానికి కేరళ త్రిశ్శూర్ జిల్లాలో చాలకుడి నదిమీద ఉన్న అతిరప్పిళ్ళి ఆధారం. మొదటి భాగం 2015 జులై 10న, రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. మాహిష్మతి అన్న పేరు మాత్రం పురాణాలది, కార్తవీర్యార్జునుడి రాజధానిది. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న మహేశ్వర్‌ను ఆ నగరంగా చాలామంది గుర్తిస్తారు. పుస్తకంలోని బలి యాగశాల ఉన్నదీ ఆ నది ఒడ్డునే. తెరమీది మాహిష్మతికి నర్మదతో ఏ సంబంధమూ లేదు.

ఓర్వకల్లు రాళ్ళు, అతిరప్పిళ్ళి నీళ్ళు, హైదరాబాదు శివారులో కట్టిన కోట, కంప్యూటర్‌లో పుట్టిన ఆకాశం కలిస్తే ఒక మాహిష్మతి. బలిఘట్టంలో చూసిన సూత్రం ఇక్కడ తలకిందులైంది. అక్కడ కథ ఒకటి, స్థలాలు అనేకం. ఇక్కడ స్థలాలు అనేకం, కథాదేశం ఒకటి. ఫలితంగా ఏ ఒక్క చోటికి వెళ్ళినా యాత్రికుడికి దొరికేది ముక్కే. అతిరప్పిళ్ళి జలపాతం ఎత్తు సుమారు 80 అడుగులు. వానాకాలంలో దాని ఎదుట నిలబడితే మాట రాదు. కానీ తెరమీద మబ్బుల్లోకి పోయిన జలపాతాన్ని మనసులో పెట్టుకుని వచ్చినవాడు పైకి చూసి "ఇంతేనా?" అంటాడు. జలపాతం చేసిన తప్పేమీ లేదు. దాని కొలత మారిపోయింది. ఓర్వకల్లులో పలుగురాళ్ళు గాలికీ నీటికీ అరిగి తేలిన ఆకారాల ముందూ ఇదే జరుగుతుంది. ఆ రాళ్ళ వయసు ముందు మన రాజ్యాలన్నీ నిన్నటివి. యాత్రికుడు వెతికేది మాత్రం ఫలానా యోధుడు నిలబడిన రాయిని.

కట్టిన సెట్టు ఉన్న చోట ఈ నిరాశ తక్కువ. రామోజీ ఫిల్మ్ సిటీలోని మాహిష్మతి సెట్టును సందర్శకులు చూస్తారు. అది సెట్టని అందరికీ తెలుసు. అందుకే మా విద్యార్థుల మాట ఎవరికీ వింతగా తోచలేదు. న్యూజిలాండ్‌లో మటమటా అన్న ఊరి దగ్గర గొర్రెలు మేసే పొలంలో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కోసం వేసిన హాబిట్ల ఊరు కూడా ఇలాంటిదే. తరువాత 'హాబిట్' చిత్రాల కోసం దాన్ని శాశ్వతంగా నిలిచేలా మళ్ళీ కట్టారు. అక్కడ యాత్రికుడి ఊహకు, ఎదుట ఉన్నదానికి పోటీ లేదు. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ పరిస్థితి వేరు. అది సెట్టు కాదు; మనుషులు కాపురం ఉంటున్న కోటనగరం. 1979లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ధారావాహిక దానికి మరో రాజధాని పేరు తగిలించాక, ఆ పేరుతోనే నగరాన్ని చూపించే యాత్రలు వెలిశాయి. అసలు చర్చ మొదలయ్యేది ఇలా పేరు మారిన చోటనే.

5. బంగ్లాకు వచ్చిన కొత్త పేరు

నంద్యాల జిల్లా బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో భాగమైంది. పట్టణ శివారులో నవాబుల కాలపు బంగ్లా ఒకటి శిథిలమవుతూ నిలిచి ఉంది. 2009 జనవరిలో కోడి రామకృష్ణ దర్శకత్వంలో 'అరుంధతి' విడుదలైంది. అందులో జేజమ్మ కోటగా కనిపించింది ఈ బంగ్లాయే. అప్పటినుంచి దాన్ని అరుంధతి కోట అనడం పరిపాటి అయింది. యాగంటి వెళ్ళేవారు దారిలో ఆగి ఫొటోలు దిగుతారు. అడిగేది 'అరుంధతి కోట ఎటు?' అనే, 'నవాబు బంగ్లా ఎటు?' అని కాదు.

ఈ పేరు వెనుక ఉన్న చిక్కుముడి మూడు పేటలుగా ఉంది. చిత్రకథ జరిగేది బనగానపల్లెలో కాదు, గద్వాల సంస్థానంలో. గద్వాల కల్పితమైన ఊరు కాదు. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఉన్న నిజమైన సంస్థానం. దానికి సొంత కోట ఉంది, కోటలో చెన్నకేశవాలయం ఉంది. పండిత పోషణవల్ల 'విద్వద్గద్వాల' అని పేరు తెచ్చుకున్న ఊరది; తెలుగు విభాగాల్లో పనిచేసే మనకు ఆ పేరు విడిగా పరిచయం చేయనక్కరలేదు. సినిమా గద్వాల పేరును తీసుకుని దాని కోటను వదిలేసింది. బనగానపల్లె బంగ్లాను తీసుకుని దాని పేరును వదిలేసింది. రెండు సంస్థానాల్లో ఏ ఒక్కదాని చరిత్రా కథలోకి రాలేదు. గద్వాలకు దక్కింది తనది కాని మంత్రగాడి కథ. బనగానపల్లెకు దక్కింది తనది కాని రాణి.

ఇదే పట్టణంలో ఇంకో స్థలం ఉండటం పరిశోధకులకు అదృష్టమనే చెప్పాలి. పోతులూరి వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని ప్రసిద్ధి. ఆ గుహను చూడటానికి వెళ్ళేవారు చాలామంది. కాలజ్ఞానం కూడా అద్భుతానికి దూరమైన రచన కాదు. కాని గుహకు వెళ్ళినవారు అడిగే ప్రశ్న "ఇక్కడ ఏం జరిగింది?" అని. బంగ్లాకు వెళ్ళినవారు అడిగేది "ఇక్కడ ఏది తీశారు?" అని. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఊరివారు కావాలి. రెండవ ప్రశ్నకు ఫోనులో ఉన్న వీడియో చాలు. గుహ దగ్గర స్థానికుడు కథకుడు. బంగ్లా దగ్గర అతను దారి చూపేవాడు మాత్రమే. ఈ స్థానభ్రంశాన్ని కేవలం పర్యాటకాభివృద్ధి లెక్కల్లో కొలవలేం.

ప్రజల నోట పేరు మారడం ఒక ఎత్తు, అధికారికంగా మార్చడం ఇంకొక ఎత్తు. చైనాలోని జాంగ్‌జియాజియేలో నిట్టనిలువుగా లేచిన ఒక రాతిస్తంభానికి దక్షిణ గగనస్తంభం అన్న అర్థం వచ్చే పేరుండేది. 'అవతార్' సినిమాలో గాలిలో తేలే కొండలకు అక్కడి కొండలే ప్రేరణ అన్న ప్రచారంతో, 2010 జనవరిలో దానికి ఆ సినిమా పేరు కలిపి కొత్త పేరు పెట్టారు. మనవైపు ఇంకా అంతదూరం పోలేదు. పోదని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

6. ఇసుకలోంచి వచ్చిన గుడి

నష్టమే జరుగుతుందని తీర్మానించడానికి పెరుమాళ్ళపాడు ఒప్పుకోదు. నెల్లూరు జిల్లా చేజర్ల మండలంలో పెన్నానది ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో నాగేశ్వరాలయం ఇసుకలో కూరుకుపోయి ఉండేది. పెద్దల మాటల్లో తప్ప కంటికి కనిపించని ఆ గుడిని 2020లో గ్రామస్థులు ఇసుక తవ్వి వెలికితీశారు. ఇది పరశురామ ప్రతిష్ఠ అని స్థానికుల విశ్వాసం. 2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రం 'కల్కి 2898 ఏడీ'లో అశ్వత్థామ ఉన్న గుడిగా ఈ ఆలయం కనిపించింది. విడుదలయ్యాక సందర్శకుల తాకిడి పెరిగింది.

ఇక్కడ బనగానపల్లెలో జరిగినదానికి భిన్నమైన ప్రక్రియ కనిపిస్తుంది. వచ్చినవారు అశ్వత్థామను అడుగుతూ వస్తారు. కళ్ళెదుట సగం ఇసుకలో ఉన్న గుడి కనిపించగానే, ఇది ఇలా ఎందుకుందన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. అక్కడితో తవ్వకం కథ, దాని వెనుక నది కథ, ఆపైన పరశురాముడి కథ వరుసగా వస్తాయి. వీటిని చెప్పడానికి మళ్ళీ ఊరివారే కావాలి. సినిమా స్థలానికి గొంతు నొక్కకుండా గొంతు ఇచ్చిన సందర్భమిది. కారణం సినిమావారి సదుద్దేశం మాత్రమే అనుకోనక్కరలేదు. స్థలం దగ్గర చెప్పుకోదగ్గ సొంత కథ తాజాగా ఉండటం, ఆ కథలో పాత్రలైన మనుషులు ఇంకా అక్కడే ఉండటం అసలు కారణాలు. నవాబు బంగ్లాకు ఆ అవకాశం లేకపోయింది.

ఇంకో సంగతి. అశ్వత్థామ చిరంజీవి, పరశురాముడూ చిరంజీవే. ఒక తరం గడిచాక ఎవరైనా పెరుమాళ్ళపాడు వెళ్ళి అడిగితే, అశ్వత్థామ ఇక్కడ తపస్సు చేశాడని, సినిమా ప్రసక్తి లేకుండా, భక్తితో చెప్పే అవకాశం లేకపోలేదు. అలా చెప్పిననాడు ఒక స్థలపురాణం పుట్టినట్టే. శ్రీనాథుడి భీమేశ్వరపురాణం, ధూర్జటి కాళహస్తీశ్వరమాహాత్మ్యం వంటి రచనలను మనం పూర్తయిన రూపాల్లోనే అందుకున్నాం. వాటి వెనుక నోటిమాట దశ ఎలా ఉండేదో చూసే వీలు మనకు లేదు. పెరుమాళ్ళపాడులో ఆ దశ ఇప్పుడు నడుస్తూ ఉండవచ్చు.

7. క్షేత్రపర్యటనలో చూడవలసినవి

ఈ విషయంమీద పనిచేయదలచిన పరిశోధకులు సినిమాల జాబితాలతో, లొకేషన్ల పట్టికలతో ఆగిపోవడం కనిపిస్తుంది. పట్టిక అవసరమే. దానికంటే ముందు ఆటోవాలా ఆ చోటిని ఏ పేరుతో పిలుస్తున్నాడో, బస్సు కండక్టరు ఏమంటున్నాడో, బోర్డుమీద ఏముందో, రెవెన్యూ రికార్డులో ఏముందో రాసుకోవాలి. ఈ నాలుగు పేర్లూ ఒకటి కానిచోట మన పరిశోధన మొదలవుతుంది. వచ్చినవారు అక్కడ ఏం చేస్తున్నారన్నది కూడా ముఖ్యం. బలిఘట్టంలో స్నానం, దర్శనం ఉన్నాయి. శివరాత్రి అనే తిథి ఉంది. అరుంధతి కోటకు తిథి లేదు, సెలవురోజు ఉంది. చేయవలసిన పని ఫొటో దిగడం. దాన్ని తేలికగా తీసిపారేయడం తగదు. తెరమీద చూసిన కోణంలోనే నిలబడి, అదే భంగిమలో ఫొటో దిగడానికి యాత్రికుడు పడే శ్రమలో ఆచారం లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రచరిత్రలో మజిలీ మజిలీకీ నీళ్ళు, సత్రాలు, దారి ఎలా ఉన్నాయో రాసిపెట్టారు. ఆ పద్ధతిలో ఒక సినిమాయాత్రను ఎవరైనా నమోదు చేస్తే మన శాఖకు మంచి ఆధారగ్రంథం అవుతుంది.

తరగతిలో నేనిచ్చిన జవాబును ఆ తరువాత సవరించుకున్నాను. భాగవతంలోని నర్మద, అమ్మమ్మగారి వరాహ రెండూ కథాస్థలాలేనని, ఒకటి గ్రంథం చెప్పినది, మరొకటి నేల చెప్పినదని ఆ విద్యార్థినికి వివరించాను. అమ్మమ్మ చెప్పే బలికథను ఆవిడ మాటల్లోనే రాసి తెమ్మన్నాను. మొదటి విడతగా రెండు పేజీలు తెచ్చింది. వాటిలో వామనుడు ఇంకా రాలేదు. ఏ నెలలో నది ఎంత పారుతుందో, మట్టి ఎక్కడ తవ్వేవారో, శివరాత్రినాడు ఏ వైపునుంచి రేవులోకి దిగాలో అంతవరకే ఉంది.